హెచ్. పైలోరీకి విటమిన్ సి సరిపోతుందా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక వీడియో తిరిగింది. కడుపులో వాపు, పుండ్లు తెచ్చే హెచ్. పైలోరీ అనే బాక్టీరియా ఉందని తేలితే యాంటీబయాటిక్స్ జోలికి పోనక్కర్లేదని, విటమిన్ సి గట్టి డోసులో నెలరోజులు వేసుకుంటే ఆ బాక్టీరియా చచ్చిపోతుందని, దీనికి పరిశోధన కూడా ఉందని దాని సారాంశం. సరిగ్గా అప్పుడే మా బాబాయికి ఎండోస్కోపీలో ఆ బాక్టీరియా ఉందని తేలింది. డాక్టరుగారు యాంటీబయాటిక్స్, గ్యాస్ మాత్ర కలిసిన 14 రోజుల కిట్ రాశారు. నోరంతా ఇనుము నాకినట్టు చేదుగా ఉంటోందని, ముద్ద దిగడం లేదని బాబాయి దాన్ని మధ్యలోనే ఆపేశారు. వీడియో చూడగానే నాకు ఫోన్ చేశారు. "విటమిన్‌తో పోయేదానికి ఈ ఘాటు మందులన్నీ ఎందుకమ్మా మింగడం?"

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. వైద్యం నా పని కాదు. అయినా ఇంట్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు నాకే ఫోటో తీసి పంపుతారు. "అదంతా అబద్ధం బాబాయ్, కిట్ వేసుకోండి" అని ఒక్క మాటలో తేల్చేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. ఎందుకంటే ఆ వీడియోలో చెప్పిన పరిశోధన నిజంగానే ఉంది. ఉన్నదాన్ని లేదని చెబితే, రేపు ఎవరో దాన్ని చూపించినప్పుడు నా మిగతా మాటల మీద కూడా ఆయనకు నమ్మకం పోతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విటమిన్లకీ కడుపులోని ఈ బాక్టీరియాకీ చాలా దగ్గర సంబంధం ఉంది. కానీ మనం దాన్ని తలకిందులుగా చూస్తున్నాం. విటమిన్ వేసుకుంటే బాక్టీరియా పోతుందా అని అడుగుతున్నాం. అంతకంటే ముందు అడగాల్సింది, ఆ బాక్టీరియా మన ఒంట్లోని విటమిన్లను ఏం చేస్తోందని.

ఆ పరిశోధనలో ఏముంది

1998లో పోలండ్ వైద్యులు ప్రచురించిన చిన్న అధ్యయనం అది. హెచ్. పైలోరీ ఉన్నవాళ్లకి రోజుకు 5 గ్రాముల చొప్పున నాలుగు వారాలు విటమిన్ సి ఇచ్చారు. 27 మందిలో 8 మందికి బాక్టీరియా పోయింది. యాంటాసిడ్ మాత్రమే వాడిన రెండో జట్టులో ఒక్కరికీ పోలేదు. పెద్దవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ తనంతట తాను తగ్గడం అరుదు కాబట్టి, ఆ ఎనిమిది మంది ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను. విటమిన్ సి అక్కడ ఏదో ఒక పని చేసింది.

అయితే మిగతా 19 మంది కడుపులో బాక్టీరియా అలాగే ఉంది. వీడియోలో వాళ్ల ఊసు లేదు. పైగా 5 గ్రాములంటే ఎంతో చూడండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకి రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. 5 గ్రాములు దానికి అరవై రెట్ల పైమాట. రోజుకు 2 గ్రాములు దాటితే చాలామందికి విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం కూడా పెరుగుతుంది, ఎందుకంటే విటమిన్ సిలో కొంత భాగం ఒంట్లో రాళ్లకి ముడిసరుకైన ఆక్సలేట్‌గా మారుతుంది. మా బాబాయికి ఇదివరకే ఒకసారి రాయి పడింది.

కిట్ మాత్రం అందరికీ పనిచేస్తుందా అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ కిట్లలో వాడే యాంటీబయాటిక్స్‌లో మెట్రోనిడజోల్, క్లారిథ్రోమైసిన్ ముఖ్యమైనవి. మన దేశంలో మెట్రోనిడజోల్‌కి లొంగని హెచ్. పైలోరీ చాలా ఎక్కువ. విరేచనాలైతే చాలు, మందుల షాపులో అడిగి రెండు రోజులు వేసుకుని ఆపేసే మాత్ర అది. క్లారిథ్రోమైసిన్‌కి లొంగని రకాలూ పెరుగుతున్నాయి. కొత్త మందులు అత్యవసరంగా కావాల్సిన సూక్ష్మజీవుల జాబితా 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసినప్పుడు, క్లారిథ్రోమైసిన్‌కి లొంగని హెచ్. పైలోరీని అందులో చేర్చింది. అందుకే కిట్ పూర్తిగా వాడినా కొందరిలో ఈ బాక్టీరియా పోదు. సగంలో ఆపితే సంగతి ఇంకా కష్టమవుతుంది, బతికిన బాక్టీరియా ఆ మందుకి అలవాటుపడిపోతుంది. మందు నోటికి సహించనప్పుడు డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి. ఆపేసి విటమిన్ మీద ఆశ పెట్టుకుంటే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

కడుపులో విటమిన్ సి ఏం చేస్తుంది

నా క్లాసులో పిల్లలకి నేను ఇష్టంగా చెప్పే విషయం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న కడుపు రక్తంలోంచి విటమిన్ సిని తీసుకుని జఠర రసంలోకి పంపుతుంది. ఎంతగా అంటే, రక్తంలో ఉన్నదాని కంటే ఆ రసంలోనే ఎక్కువ ఉంటుంది. మనం తిన్నది అలా పైపైన తేలడం వల్ల వచ్చే ఎక్కువ కాదిది, పొట్ట గోడ పని చేసి తెచ్చుకునేది. అక్కడ దాని అవసరం ఉంది. తిండిలోంచి, లాలాజలంలోంచి వచ్చే నైట్రైట్ పొట్టలోని ఆమ్లంలో క్యాన్సర్ కారకాలుగా మారే వీలుంటే, విటమిన్ సి దానికి అడ్డుపడుతుంది. వాపు వచ్చిన చోట తెల్లకణాలు వదిలే ఆక్సిడెంట్ల దెబ్బ నుంచి కణాలను కాపాడుతుంది.

హెచ్. పైలోరీ చేరి పొట్ట గోడ వాచాక ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. జఠర రసంలో విటమిన్ సి బాగా పడిపోతుంది. ఇది 1980ల చివర నుంచీ తెలిసిన సంగతే. మందులతో బాక్టీరియాని తీసేస్తే మళ్లీ పెరుగుతుందని కూడా చూశారు. తిండిలో ఏ మార్పూ లేకపోయినా పెరుగుతుంది. నాకు ఇదే అన్నిటికంటే గట్టి ఆధారం. లోటు వచ్చింది తిండి వల్ల అయితే, యాంటీబయాటిక్ వేసుకున్నంత మాత్రాన అది ఎందుకు తీరుతుంది?

గ్యాస్ మాత్ర సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మనవాళ్లు పొద్దున్నే పరగడుపున వేసుకునే ఆ మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంది. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి ఈ మందులు కూడా జఠర రసంలో విటమిన్ సిని తగ్గిస్తాయి. పుండు మానడానికి ఆ మందు అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పైలోరీ పరీక్ష చేయించుకోకుండా పదేళ్లు దాన్ని మింగేవాళ్లని మా వీధిలోనే చూపించగలను. మంట తగ్గుతుంది, బాక్టీరియా హాయిగా ఉంటుంది.

నా వాదనకి అడ్డొచ్చే లించూ ఫలితం

ఇంతవరకూ చదివి, అయితే విటమిన్ మాత్రలు దండగే అంటున్నావా అని మీరు అడగొచ్చు. అలా అనకుండా నన్ను ఆపేది చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం, లించూ కౌంటీలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం.

లించూలో జీర్ణాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 1995లో 3,365 మందిని తీసుకుని జట్లుగా విడదీశారు. పైలోరీ ఉన్నవాళ్లలో కొందరికి రెండు వారాలు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, ఒమెప్రజోల్ ఇచ్చారు. కొందరికి విటమిన్ సి, విటమిన్ ఇ, సెలీనియం కలిసిన మాత్ర ఏడేళ్ల పైచిలుకు ఇచ్చారు. కొందరికి వెల్లుల్లి సారం అంతే కాలం ఇచ్చారు. ఏది ఎవరికన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 2006లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు యాంటీబయాటిక్ జట్టులోనే క్యాన్సర్‌కి ముందుండే మార్పులు తగ్గాయి. విటమిన్ల వల్ల, వెల్లుల్లి వల్ల ఏమీ కనిపించలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే నా వాదన సులభంగా నెగ్గేది.

కానీ వాళ్లు ఆ మనుషులను వదల్లేదు. 22 ఏళ్ల తర్వాత మళ్లీ లెక్క చూసి 2019లో ప్రచురించారు. విటమిన్లు వేసుకున్న జట్టులో జీర్ణాశయ క్యాన్సర్ 36 శాతం తగ్గింది, దానివల్ల వచ్చే మరణాలు 52 శాతం తగ్గాయి. రెండు వారాల యాంటీబయాటిక్ జట్టులో క్యాన్సర్ 52 శాతం, మరణాలు 38 శాతం తగ్గాయి. వెల్లుల్లి జట్టులో కూడా మరణాలు తగ్గాయి.

ఈ అంకెలను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అందులో వాడిన విటమిన్ సి పూటకు 250 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. వీడియోలో చెప్పినట్టు గ్రాములకు గ్రాములు కాదు. మన జామకాయలో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, కాబట్టి రోజుకు పావుకిలో జామకాయలు తింటే అంతకి చేరిపోతాం. ఆ విటమిన్లు బాక్టీరియాని చంపడం వల్ల ఈ మేలు జరిగిందని ఆ పరిశోధకులు చెప్పలేదు. బాక్టీరియా పొట్ట గోడకి చేసే నష్టం, దశాబ్దాల మీద క్యాన్సర్‌గా మారకుండా కొంత అడ్డుకుని ఉండొచ్చు. అంటే విటమిన్‌కి ఒక చోటు ఉంది. అది మనం అనుకున్న చోటు మాత్రం కాదు.

అయినా లించూని తీసుకొచ్చి మా ఊళ్లో పెట్టేయలేను. అక్కడి వాళ్ల తిండి వేరు, ఒంట్లో సూక్ష్మపోషకాల లోటు వేరు. మన దేశంలో పైలోరీ విపరీతంగా ఉన్నా, జీర్ణాశయ క్యాన్సర్ మొత్తం మీద ఆ స్థాయిలో లేదు. మిజోరంలో మాత్రం చాలా ఎక్కువ, ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ. ఈ తేడాలకి ఉప్పు, పొగాకు, పొగబెట్టిన మాంసం, బాక్టీరియా రకాలు అని రకరకాల కారణాలు చెబుతారు. విటమిన్ ఒక్కదానితో ఆ చిక్కుముడి వీడదు.

విటమిన్ డి గురించి కూడా ఈమధ్య ఎక్కువగా వింటున్నాం. డి తక్కువ ఉన్నవాళ్లలో కిట్ విఫలమవడం ఎక్కువని టర్కీ నుంచి, ఇంకొన్ని చోట్ల నుంచి పరిశీలనలు వచ్చాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో డి3 వల్ల పొట్ట కణాలు తమలో దూరిన బాక్టీరియాని జీర్ణం చేసుకోగలగడం చూశారు. ఆసక్తికరమైన విషయమే. దీన్ని నమ్మి మందు మానేసేంత బలం మాత్రం దానికి లేదు.

కిట్‌తో పాటు మింగే మాత్రలు

మన దగ్గర యాంటీబయాటిక్ రాస్తే కింద బీకాంప్లెక్స్ కూడా రాయడం ఒక ఆచారం. రాయకపోతే షాపతనే "నోరు పూస్తుందేమో, బలానికి ఇవి కూడా ఇవ్వనా" అని అడుగుతాడు. రెండు వారాల కోర్సుకి దాని అవసరం చాలామందికి ఉండదు, పెద్దగా హాని కూడా ఉండదు. నన్ను భయపెట్టేది బీకాంప్లెక్స్ కాదు. బలానికని ఇచ్చే మల్టీవిటమిన్లలో ఐరన్, జింక్, క్యాల్షియం కలిసి ఉంటాయి, అదీ నా భయం.

బాబాయి రెండోసారి డాక్టరు దగ్గరకి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. ఈసారి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, గ్యాస్ మాత్ర కలిపి రాశారు. మొదటి కిట్‌లోని క్లారిథ్రోమైసిన్ ఇందులో లేదు కాబట్టి ఆ ఇనుము రుచి తగ్గొచ్చు, కానీ మెట్రోనిడజోల్ వల్ల కూడా కొంత ఉంటుంది, ఓర్చుకోండి అని ముందే చెప్పారు. ఇంటికొచ్చి చూస్తే ఆయన మందుల డబ్బాలో క్యాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు, జింక్ ఉన్న మల్టీవిటమిన్ ఉన్నాయి. అన్నీ టిఫిన్ తర్వాత ఒకేసారి గుప్పెట్లో పోసుకుని మింగడం ఆయన అలవాటు. టెట్రాసైక్లిన్ ఈ లోహాలతో అతుక్కుపోతుంది, ఇక పేగు దాన్ని పీల్చుకోలేదు. పాలతో వేసుకున్నా అంతే. అలా చేస్తే 14 రోజులు ఇబ్బంది పడి కూడా మందు ఒంటికి అందదు. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగితే కోర్సు అయ్యేదాకా వాటిని ఆపేయమన్నారు. మొదటి చీటీ రాసినప్పుడు గానీ రెండోది రాసినప్పుడు గానీ ఇంకేం మాత్రలు వాడుతున్నారని ఎవరూ అడగలేదు. విటమిన్లు మందులు కావని మనందరికీ ఒక భావం ఉంది కాబట్టి బాబాయి కూడా చెప్పలేదు.

యాంటీ ఆక్సిడెంట్ల సంగతి ఇంకా తికమకగా ఉంటుంది. మెట్రోనిడజోల్ బాక్టీరియా లోపలికి వెళ్లాక చురుకైన రాడికల్స్‌గా మారి దాన్ని చంపుతుంది. 2002లో తైవాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో మెట్రోనిడజోల్ ఉన్న కోర్సుకి విటమిన్ సి, ఇ జోడిస్తే, ఆ మందుకి లొంగే బాక్టీరియా విషయంలో విజయం తగ్గే సూచన కనిపించింది. 2009లో ఇరాన్ నుంచి వచ్చిన మరొక అధ్యయనంలో విటమిన్ సి జోడించిన జట్టుకే మేలు జరిగింది. రెండూ నిజాయితీగా చేసినవే. ఇలాంటప్పుడు కోర్సు నడిచే ఆ రెండు వారాలూ పెద్ద డోసు మాత్రలు పక్కన పెట్టి, జామకాయో ఉసిరికాయో తింటే చాలంటాను. తిండి ద్వారా వచ్చే మోతాదు గురించి నాకు ఏ బెంగా లేదు.

విటమిన్‌నీ యాంటీబయాటిక్‌నీ శత్రువుల్లా నిలబెట్టడం మన తెలుగువాళ్లకి అసలు తగదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకి నాయకత్వం వహించినప్పుడే 1945లో ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ని కృత్రిమంగా తయారు చేశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ని బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది కూడా అక్కడే, సుబ్బారావు గారి హయాంలోనే. సుబ్బారావు గారి సొంత కుటుంబంలో చావుకి కారణమైన స్ప్రూ అనే పేగు జబ్బుకి ఈనాటికీ వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇవ్వడం. టెట్రాసైక్లిన్ పేగులోని బాక్టీరియా పని పడుతుంది, ఫోలిక్ ఆమ్లం ఆ బాక్టీరియా వల్ల వచ్చిన లోటు తీరుస్తుంది. ఇప్పుడు బాబాయి వేసుకుంటున్న టెట్రాసైక్లిన్ కూడా ఆ కుటుంబానిదే.

బి12 ఇంజక్షన్ల వెనక

నన్ను ఈ వ్యాసం రాయడానికి పురిగొల్పింది వీడియో ఒక్కటే కాదు. మా కాలేజీలో ఒక మేడమ్ గారున్నారు. అరికాళ్లు తిమ్మిర్లు, నీరసం. బి12 తక్కువని ఇంజక్షన్లు వేయించుకుంటారు, పెరుగుతుంది. ఆపిన కొన్నాళ్లకి మళ్లీ పడిపోతుంది. ఆవిడ చేపలు, గుడ్లు బాగానే తింటారు, షుగర్ లేదు. గ్యాస్, పొట్ట ఉబ్బరం ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి ఒక డాక్టరు, బి12కి ఒక డాక్టరు. ఆ రెండు చీటీలనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

తిండిలోని బి12 మాంసకృత్తులకి అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి పొట్టలోని ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైమ్ కావాలి. విడిపోయాక దాన్ని చిన్నపేగు చివరి దాకా మోసుకెళ్లడానికి పొట్ట కణాలే తయారు చేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కావాలి. పైలోరీ వల్ల పొట్ట గోడ ఏళ్ల తరబడి వాచి పలచబడితే ఈ రెండూ తగ్గుతాయి. 2000లో టర్కీ వైద్యులు బి12 లోటు, రక్తహీనత ఉన్న 138 మందిని పరీక్షిస్తే 77 మందిలో పైలోరీ ఉంది. వాళ్లలో 31 మందికి బాక్టీరియాని తీసేయడంతోనే బి12 స్థాయి, రక్తం మెరుగుపడ్డాయి.

దీనికి ఎదురు చెప్పాలంటే చెప్పొచ్చు, నేనే చెబుతాను. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ బాక్టీరియా ఉంటుంది. బి12 తక్కువగా ఉన్నవాళ్లూ కోకొల్లలు. రెండూ ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణమని అనలేం. పూర్తి శాకాహారులకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి, ఏళ్లుగా గ్యాస్ మాత్ర మింగేవాళ్లకి బి12 పడిపోవడానికి వేరే కారణాలు సిద్ధంగా ఉన్నాయి. అందరికీ పైలోరీ పరీక్షలు చేసి, అందరికీ యాంటీబయాటిక్స్ ఇచ్చుకుంటూ పోతే మందులకి లొంగని బాక్టీరియా ఇంకా పెరుగుతుంది. నేను అడుగుతున్నది అది కాదు. కారణం తెలియని బి12 లోటు, కారణం తెలియని ఐరన్ లోటు ఉన్నవాళ్లకి ఈ పరీక్ష చేయాలని యూరప్ నిపుణుల మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. మాంసాహారం తింటూ, మెట్‌ఫార్మిన్ వాడకుండా, ఇంజక్షన్ ఆపగానే బి12 పడిపోయే మనిషి కచ్చితంగా ఆ కోవలోకి వస్తారు.

మేడమ్ గారిని పరీక్ష చేయించుకోమన్నాను. ల్యాబులో రక్తం తీసి యాంటీబాడీ పరీక్ష చేసి పాజిటివ్ అని ఇచ్చారు. ఆ పరీక్షతో చిక్కేమిటంటే, ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ఇప్పుడు బాక్టీరియా ఉందో లేదో తెలియాలంటే శ్వాస పరీక్షో, మలంలో యాంటిజెన్ (అంటే బాక్టీరియా తాలూకు పదార్థం) పరీక్షో కావాలి. అదీ గ్యాస్ మాత్ర రెండు వారాలు, యాంటీబయాటిక్ నాలుగు వారాలు ఆపాకే చేయాలి. లేకపోతే ఉన్న బాక్టీరియా కూడా కనబడకుండా పోతుంది. శ్వాస పరీక్ష మా పట్టణంలో లేదు. మల పరీక్షకి శాంపిల్ హైదరాబాద్ పంపుతారు. ఆవిడ గ్యాస్ మాత్ర ఆపి రెండు వారాలు మంటతో అవస్థ పడ్డారు, మధ్యలో యాంటాసిడ్ సిరప్‌తో నెట్టుకొచ్చారు. రిపోర్టులో యాంటిజెన్ పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు కోర్సు మొదలుపెట్టారు, బి12 ఇంజక్షన్లు కూడా నడుస్తున్నాయి. నరాల తిమ్మిర్లు ఉన్నప్పుడు బాక్టీరియా పోయేదాకా బి12 ఇవ్వకుండా కూర్చోకూడదు.

ఆవిడ విషయంలో బాక్టీరియాయే కారణమో కాదో తేలడానికి ఇంకా టైం పడుతుంది. కోర్సు అయ్యాక నాలుగు వారాలకి మల పరీక్ష మళ్లీ చేయించాలి. అది నెగటివ్ వస్తే, ఇంజక్షన్లు ఆపిన తర్వాత కొన్ని నెలలకి బి12 చూడాలి. పడిపోకుండా నిలబడితే జవాబు దొరికినట్టే. పడిపోతే సొంత కణాల మీద ఒళ్లే దాడి చేసే పెర్నీషియస్ అనీమియా లాంటిది ఉందేమో వెతకాలి. రెండో పరీక్ష తేదీ చీటీ మీద రాయమని ఆవిడతో పాటు వెళ్లి అడిగాను, డాక్టరుగారు రాశారు. గ్యాస్ మాత్ర ఏ రోజు నుంచి ఆపాలో కూడా దాని పక్కనే రాయించుకున్నాం.